బోరుకు డబ్బులివ్వాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మాది మడకశిర పక్కన ఒక పల్లె. నేను బెంగళూరు బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. ఊళ్ళో నాయన, అమ్మ, అవ్వ, పదో తరగతి చదివే తమ్ముడు ఉంటారు. నాలుగెకరాల భూమి ఉంది. మూడెకరాలు వాన మీదే ఆధారం, ఏటా చెనక్కాయే (వేరుశనగే) వేస్తారు. ఇంకో ఎకరాకు ఒక బోరుంది, ఎండాకాలంలో ఇంచి నీళ్ళు వస్తే గొప్ప. ఇంతకుముందు రెండు బోర్లు ఫెయిలయ్యాయి. విత్తనాలూ మందుల అంగట్లో 45 వేలు అప్పుంది. బియ్యం రేషన్ స్టోర్‌లో వస్తాయి. మిగతావన్నీ, చివరికి కందిపప్పు, వంకాయలు కూడా, సంతలో కొనుక్కోవడమే. నెలనెలా 7 వేలు పంపిస్తున్నా, చాలడం లేదంటారు. పోయిన నెల అమ్మ పొలంలో కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం 8.2 ఉందన్నారు. ఇప్పుడు నాయన ఇంకో బోరు వేద్దాం, 2 లక్షలు సర్దమంటున్నాడు. నా దగ్గర పెళ్ళికని దాచుకున్న 2 లక్షల 20 వేలు ఉన్నాయి. మా ఫ్యాక్టరీలో ఒక అన్న, బోరు వద్దు, మందులు వద్దు, నాలుగెకరాలూ ప్రకృతి సేద్యంలోకి మార్చేయండి, లక్షలొస్తాయని రోజూ వీడియోలు చూపిస్తున్నాడు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటావు?

జవాబు: చెల్లీ, బోరుకు డబ్బులివ్వొద్దు. నాలుగెకరాలూ ఒక్క ఏడాదిలో మార్చనూ వద్దు. ఎందుకన్నది నిదానంగా మాట్లాడుకుందాం. అంతకంటే ముందు అమ్మ సంగతి.

ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8.2 అంటే తిండితో సర్దుకునే లెక్క కాదు, మందులు పడాల్సిందే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు ఊరికే ఇస్తారు. అసలు ఎందుకు తగ్గిందో డాక్టరు చూడాలి. నెలసరిలో ఎక్కువ పోతోందా, కడుపులో నులిపురుగులున్నాయా అని అడగాలి. నాయనకు చెప్పి పంపిస్తే అవదు, నువ్వే ఒక ఆదివారం పోయి సోమవారం దగ్గరుండి చూపించు. మాత్ర వేసుకున్నాక, అన్నం తిన్నాక వెంటనే టీ తాగనివ్వకు, తిన్న ఇనుము ఒంటికి పట్టదు. పప్పులోనో ఆకుకూరలోనో ఒక నిమ్మచెక్క పిండితే మంచిది. ఎవరో ఒకరు సంగటి తింటే రక్తం పడుతుందని చెబుతారు. రాగుల్లో కాల్షియం మాత్రం నిజంగా గొప్పగా ఉంటుంది, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే, బియ్యంలో దాంట్లో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. కానీ రక్తానికి ఆకుకూర, పప్పు, గుడ్డు, అప్పుడప్పుడూ ఇంత మాంసం ఉండాలి. రాగి ఒక్కటే ఆ పని చేయదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మీ అమ్మ ఒక్కతే కాదు. నన్ను బాధపెట్టింది వేరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలంలో వంగి పనిచేసే మనిషి, సంతలో కందిపప్పు ధర చూసి అరకిలో కొనాలా పావుకిలో కొనాలా అని లెక్కలేసుకుంటోంది. కొన్న పావుకిలోలో చారు నీళ్ళు ఎవరి ముద్దలోకి పోతాయో, పలుకులు ఎవరి పళ్ళెంలో పడతాయో మన ఇళ్ళ సంగతి నీకు నేను చెప్పాలా? ముందు మగోళ్ళు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ముసలమ్మ, చట్టి అడుగున మిగిలింది అమ్మకు.

నాలుగెకరాలున్న ఇల్లు తిండి కొనుక్కునే కాడికి ఎలా వచ్చింది? మీ అవ్వనడుగు, చెబుతుంది. ఆమె కాపురానికొచ్చిన రోజుల్లో ఒక చేన్లో కొర్ర, ఒక చేన్లో రాగి, సజ్జ, వాటి మధ్యన కంది, అనప, అలసంద, గట్టు మీద ఆముదం ఉండేవి. చెనక్కాయ కూడా ఉండేది, కొంచెం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. పేదోడింట్లో వరన్నం ఉడకడం చిన్న మాట కాదు, నేనెప్పుడూ దాన్ని తప్పు పట్టను. మా ఇంట్లో కూడా పండక్కి మాత్రమే చూసిన అన్నం రోజూ పళ్ళెంలోకొచ్చింది. ఆ వెంటనే, 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. చెనక్కాయకు మంచి రేటు, అప్పుకు బ్యాంకు, విత్తనానికి సబ్సిడీ. చూస్తుండగానే అనంతపురం జిల్లా మొత్తం ఒకే పంట అయిపోయింది. ఆ తర్వాత తొంభైల్లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. రేటు పడింది, పంట మాత్రం మారలేదు. ఇప్పుడు సంగటి మనకు నామోషీ. చుట్టాలొస్తే దాచిపెట్టి బియ్యం వండుతాం. బెంగళూర్లో అదే ముద్దను దర్శిని హోటళ్ళలో క్యూ కట్టి తింటున్నారనుకో, అది వేరే కథ.

మన అనంతపురం వైపు సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పడమటి కనుమల నీడలో ఉన్నాం కాబట్టి నైరుతి మనదాకా వచ్చేసరికి ఖాళీ మబ్బే. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్యం కూడా అరకొరే. ఆ పడే వాన కూడా మనకు కావాల్సినప్పుడు పడదు. చెనక్కాయ ఊడలు దిగే టైంలో మూడు వారాలు మొహం చాటేస్తే చెట్టు పచ్చగా కనబడుతుంది, పీకితే నాలుగు కాయలు. రాగి, కొర్ర ఆ మూడు వారాలూ పళ్ళ బిగువున ఓర్చుకుంటాయి. అందుకే మన పెద్దోళ్ళు పది రకాలు కలిపి చల్లారు. ఒకటి పోయినా ఒకటి ఇంటికొస్తుందని.

ఇక బోరు.

మాది కదిరి వైపు. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. మూడోదానికి నేను ఇంట్లో ఉన్నా. ముందు రోజు నీళ్ళు చూసే ఆయనొచ్చి అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలమంతా నడిచాడు. ఒక చోట టెంకాయ లేచి నిలబడింది. అక్కడ రాయి పెట్టి పసుపు కుంకుమ చల్లాం. రాత్రి పదకొండుకు బండి వచ్చింది. 180 అడుగుల కాడ మట్టి తడిగా వచ్చేసరికి ఊరంతా "పడింది పడింది" అని అరిచారు. మా అమ్మ టెంకాయ కొట్టింది. ఆ తర్వాత తడి లేదు, తెల్ల దుమ్మే. ప్రతి యాభై అడుగులకూ బండాయన ఆపి మా నాయన మొహంలోకి చూసేవాడు. "ఇంకా దించాలా పెద్దాయనా?" "ఇంకో యాభై." మళ్ళీ ఆపుతాడు. "ఇంకో యాభై." లోతు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. 520 దాకా పోయింది. తెల్లారేసరికి గట్టు మీద వేపచెట్టు బూడిద పూసుకున్నట్టు తెల్లగా ఉంది, మా నాయన కూడా అలాగే ఉన్నాడు. అమ్మ గొలుసు బ్యాంకులోంచి తిరిగి రాలేదు.

మన కింద ఉన్నది గట్టి బండ. ఆ బండలో అక్కడక్కడా పగుళ్ళుంటాయి, నీళ్ళు ఆ పగుళ్ళలోనే. పగులు తగిలితే తగిలినట్టు, లేకపోతే వెయ్యి అడుగులు దించినా దుమ్మే. తగిలినా, పక్క చేను బోరు కూడా అదే పగుల్లోంచి తాగుతూ ఉండొచ్చు. మీకు కొత్త బోరు పడితే పాత బోరే ఎండిపోవచ్చు. రెండు పోయాక మూడోది పడుతుందన్న లెక్క ఏదీ లేదమ్మా. పైగా 2 లక్షలు గుంతకే. మోటారు, పైపులు, స్టార్టరు వేరే. అదంతా అయ్యాక ఆ నీళ్ళతో ఏం వేస్తారు? టమాట. కోలారు, మదనపల్లె మార్కెట్‌లో రేటు పడిన రోజు రోడ్డు పక్కన పారబోసిన టమాటలు నువ్వూ చూసే ఉంటావు.

నువ్వు కాదంటే నాయన ఊళ్ళో నూటికి మూడు వడ్డీకి తెచ్చి వేయిస్తాడేమో అన్న భయం నీకుంటుంది. ఉండాలి కూడా. అందుకే ఉత్త చేతులతో "వద్దు" అనకు.

నీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట 45 వేల అంగడి అప్పు. అది మామూలు అప్పు కాదు. ఆ అంగడాయన దగ్గర అప్పున్నన్ని రోజులూ, మీ చేన్లో ఏ విత్తనం పడాలో, ఏ మందు కొట్టాలో, కాయలు ఎవరికి అమ్మాలో ఆయనే చెబుతాడు. నాయన చెనక్కాయ తప్ప ఇంకోటి వేయకపోవడంలో అలవాటు సగం, ఆ ఖాతా పుస్తకం సగం. కాబట్టి బోరుకు బదులు నువ్వు ఈ అప్పు తీర్చు. డబ్బులు నాయన చేతికివ్వకు, నువ్వే అంగడికి పోయి కట్టి రసీదు తీసుకో, పుస్తకంలో గీత కొట్టించు. అలా కట్టేముందు నాయనతో ఒక్క మాట మాట్లాడుకో: "ఒక ఎకరా ఈ ఏడు ఇంట్లోకి. మిగతా రెండెకరాలు నీ ఇష్టం." ఇంకో 20 వేలు ఆ ఎకరాకు, కూరగాయల మడికి సరిపోతాయి. మిగతా లక్షన్నర నీ పేరు మీద ఎఫ్‌డీ చేసేయ్. అది పెళ్ళికే ఖర్చవుతుందో, నీకు ఒంట్లో బాగాలేనప్పుడు పనికొస్తుందో, అది నీది. ఇంట్లో వాళ్ళ ఆకలి తీర్చడమంటే నువ్వు ఖాళీ అయిపోవడం కాదు.

ఆ ఒక ఎకరా ఎందుకో లెక్క చూడు. ఇంట్లో నలుగురు. స్టోర్‌లో మనిషికి 5 కిలోలు, నెలకు 20 కిలోల బియ్యం వస్తాయి, 2023 జనవరి నుంచి అదీ ఊరికే. వాటిని వదులుకోమని నేను చెప్పను. రాత్రికి అన్నం అలాగే ఉండనీ. పగటిపూట ముద్దకు నలుగురికీ కలిపి రోజుకు కిలో పిండి. ఏడాదికి 365 కిలోలు, నాలుగు క్వింటాళ్ళ లోపు. వాన మధ్యస్తంగా పడినా ఒక ఎకరా రాగి ఆ మాత్రం ఇస్తుంది. బాగా పడితే ఇంకా మిగులుతాయి, రాగులకు పురుగు పట్టదు, రెండేళ్ళు మూడేళ్ళు నిల్వ ఉంటాయి. మీ ఇంట్లో పాతర ఉండేదేమో అవ్వనడుగు. మా తాత పాతరలోంచి తీసిన రాగులు తిన్నది నాకు ఇంకా గుర్తు, కొంచెం మగ్గిన వాసన వేసేవి. ఇప్పుడు పాతర తవ్వాల్సిన పని లేదు, మూత గట్టిగా ఉన్న డ్రమ్ము చాలు.

ఖర్చు కూడా చూడు. ఎకరా చెనక్కాయకు ఐదారు పదుల కిలోల విత్తనం పప్పు కావాలి. ఖరీఫ్ ముందు సబ్సిడీ కాయల కోసం లైన్లో చెప్పులు పెట్టి నిలబడే సంగతి నీకు తెలియనిది కాదు. ఎకరా రాగికి మూడు నాలుగు కిలోలు చాలు.

రాగి ఒక్కటే వేయొద్దు. మీ ఊరు కర్ణాటకను ఆనుకునే ఉంది కదా, పావగడ, శిరా వైపు రైతులు చేసేది చూసే ఉంటావు. ఎనిమిది పది సాళ్ళ రాగి, తర్వాత ఒక సాల్లో కంది, అనప, అలసంద, కొంచెం ఆముదం కలిపి. కన్నడిగులు దీన్ని అక్కడి సాలు అంటారు. రాగి కోసేశాక కూడా కంది, అనప నిలబడి, కార్తీక మాసపు మంచుకే కాయ పడతాయి. నలుగురికి రోజూ పప్పు తినాలంటే ఏడాదికి 50 కిలోలు కావాలి. అంతా రాకపోవచ్చు. సగం వచ్చినా అమ్మ పావుకిలో లెక్కలు మానేస్తుంది. ఇంకోటి, ఆ పప్పుజాతి చెట్ల వేర్ల బుడిపెలు గాలిలో నత్రజనిని పట్టి నేలకిస్తాయి. రాగి గడ్డి మీ ఆవుకో మేకలకో మంచి మేత.

విత్తనం కోసం నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. బళ్ళారి రోడ్డు మీద జీకేవీకే ఉంది, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం. దేశం మొత్తం మీద చిరుధాన్యాల పరిశోధనను చాలా ఏళ్ళు కలిపి నడిపింది అక్కడినుంచే. జీపీయూ-28 అని అక్కడే తయారైన రాగి రకం ఉంది, అగ్గితెగులును తట్టుకుంటుంది, నాలుగు నెలల్లోపే కోతకొస్తుంది. ముందు ఫోన్ చేసి స్టాకుందో లేదో కనుక్కుని పో. నేను ఎలహంకలో ఉంటా, నవంబర్‌లో అక్కడ కృషి మేళా జరిగితే తప్పకుండా పోతా. పల్లెల్నుంచి బస్సులేసుకుని వచ్చిన రైతులు ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని ఒక్కో మడి ముందూ ఆగి, కంకి తుంచి అరచేతిలో నలిపి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ముందుకు పోతుంటారు. నాయనను ఒకసారి తీసుకురా. వీడియోలో ఎవడో చెబితే వినడు కానీ, కంకి చేతిలో పడితే ఆయనే మాట్లాడతాడు.

మండ్య దగ్గర వి.సి. ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో లక్ష్మణయ్య అని ఒకాయన ఉండేవాడు. మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తెచ్చాడు. కన్నడ దేశంలో ఆయన్ని రాగి లక్ష్మణయ్య అనే పిలుస్తారు. ఎందుకు చెబుతున్నానంటే, సంగటి అంటే వెనకబాటు అనుకునే నాయనకు ఈ పంట మీద కూడా ఒక మనిషి జీవితమంతా పనిచేశాడని తెలియాలి.

బోరున్న ఎకరాలో పది పదిహేను సెంట్లు అమ్మకివ్వమను. అమ్మకే, ఇంకెవరి పెత్తనమూ లేకుండా. ఇంచి నీళ్ళు పదిహేను సెంట్ల కూరగాయలకు దండిగా సరిపోతాయి. వంగ, మిరప, టమాట, బెండ, ఒక మడి పుండుకూర, ఒక మడి తోటకూర, మెంతి. కంచె మీద బీర, కాకర, సొర. మూలన రెండు మునగ చెట్లు, ఒక నిమ్మ, ఒక కరివేపాకు, పాత్రలు కడిగే నీళ్ళు పారే చోట బొప్పాయి. ఐదారు నాటు కోళ్ళు. హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, అక్కడ అర్క పేరుతో కూరగాయల విత్తనాలు ప్యాకెట్లలో అమ్ముతారు. హైబ్రిడ్ కానివి అడిగి తీసుకో, రెండో ఏడు విత్తనం అవ్వే తీసి పెడుతుంది. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని ఆడవాళ్ళు, చాలామంది చదువు రానోళ్ళే, బూడిద, వేపాకు కలిపి మట్టికుండల్లో పదుల రకాల విత్తనాలు దాచుకుంటారు. వాళ్ళ పనికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. మీ అవ్వకూ ఆ విద్య వచ్చే ఉంటుంది, అడిగేవాళ్ళు లేక మూలన కూర్చుంది. ముందు మాత్రం కంచె గట్టిగా వేయించు. మేకలు ఒక్కసారి దూరితే నా సలహా అంతా వాటి కడుపులోకే.

నీళ్ళ సంగతికి బోరు కాకుండా ఇంకో దారుంది. ఉపాధి పనుల కింద చేన్లో పంట కుంట తవ్వించమని పంచాయతీలో అర్జీ పెట్టండి. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతున్న కుంట నిండితే, వాలు పోనూ సుమారు లక్షన్నర లీటర్లు. ఎకరాకు పది మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 40 వేల లీటర్లు కావాలి. ఇంకినదీ ఆవిరైనదీ తీసేసినా, వాన మొహం చాటేసినప్పుడు ప్రాణం పోసే రెండు తడులు దక్కుతాయి. ఎర్ర నేలలో నీళ్ళు తొందరగా ఇంకిపోతాయి, అడుగున బంకమట్టి వేసి తొక్కించాలి. ఇంకినా నష్టమేం లేదు, మీ బోరుకే పోతాయి.

ఇప్పుడు మీ ఫ్యాక్టరీ అన్న చెప్పే ప్రకృతి సేద్యం. ఆయన చెప్పేది అబద్ధం కాదు, తొందర మాత్రం ఎక్కువ. 2017లో నేనూ అలాగే వీడియోలు చూసి, మా తమ్ముడి వెంటపడి, మూడెకరాల్లో ఒకేసారి యూరియా, డీఏపీ అన్నీ మాన్పించా. ఇరవై ఏళ్ళుగా ఒక్క బండి దిబ్బ ఎరువు ఎరగని నేల అది. చెనక్కాయ ముప్పయ్యో రోజుకే పసుపు రంగుకు తిరిగి, ఎదగకుండా నిలబడిపోయింది. పంట సగానికి సగం పడింది. తమ్ముడు ఏడాది పాటు ఫోన్లో అవునా కాదా అనడం తప్ప నాతో మాట్లాడలేదు. ఆ డబ్బులు నావి కావు కదా, సలహా మాత్రమే నాది. శ్రీలంకలో 2021లో ఒక దేశం మొత్తానికి ఇదే జరిగింది. రసాయన ఎరువులు రాత్రికి రాత్రి ఆపేశారు, ఏడాది తిరక్కుండానే నవంబర్‌లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు, అయినా వరి పడిపోయింది.

నేలకు ముందు తిండి పెట్టి, తర్వాత మందు మాన్పించాలి. అందుకే ఆ ఒక్క ఎకరాలో మొదలుపెట్టమంటున్నా. జీవామృతం చేయడం బ్రహ్మవిద్య కాదు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు, 10 కిలోల నాటావు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల ఏదైనా పప్పు పిండి, మందు కొట్టని గట్టు మట్టి ఒక గుప్పెడు. నీడలో పెట్టి, రోజుకు రెండుసార్లు కర్రతో సవ్యంగా కలిపి, రెండు రోజులు పులిసినాక వాడాలి. వారం లోపు వాడేయాలి. ఎకరాకు ఒక డ్రమ్ము. ఎవరి ఆవు పేడయినా అడిగి తెచ్చుకోవచ్చు, ఊళ్ళో ఎవరూ కాదనరు. దీనితోపాటు దిబ్బ ఎరువు, ఆకు, చెత్త ఏది దొరికితే అది నేలకు చేర్చాలి. ఒట్టి జీవామృతం మీదే ఆశ పెట్టుకుంటే మా తమ్ముడి పంటే గతి.

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తోంది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి సంగతలా ఉంచు, వాళ్ళ దగ్గర మన సీమకు సరిగ్గా సరిపోయే పద్ధతి ఒకటుంది. వానలు మొదలవకముందే, ఎండాకాలంలోనే, నవధాన్యాలకు విత్తనశుద్ధికి వాడే బీజామృతం, మట్టి, బూడిద పట్టించి గుళికల్లా చేసి పొడి దుక్కిలో చల్లుతారు. ఏ చిన్న జల్లు పడినా అవి మొలుస్తాయి. నేల బోడిగా ఎండకు కాలకుండా కప్పు ఉంటుంది, మేత వస్తుంది, తర్వాత అదే కలియదున్నితే ఎరువు. మీ ఊళ్ళో రైతు సేవా కేంద్రంలో అడిగితే ఈ పని చేయించేవాళ్ళెవరో చెబుతారు. ఎండాకాలంలో ఊరి మేకలన్నీ బయలే మేస్తాయి కాబట్టి కంచె ఉన్న చోటే చేయండి. పక్కోళ్ళతో తగాదా తెచ్చుకుని చేసే సేద్యం ప్రకృతి సేద్యం ఎలా అవుతుంది!

చెనక్కాయను నేను శత్రువులా చూడడం లేదు. మిగతా రెండెకరాల్లో నాయన వేసుకోనీ. కదిరి పరిశోధన కేంద్రం వాళ్ళ కదిరి లేపాక్షి రకం బాగుందని మా వైపు రైతులు వేస్తున్నారు. ఏడు సాళ్ళకు ఒక సాలు కంది పెట్టమను చాలు, ఆ మాట వ్యవసాయ శాఖ కూడా ఎప్పటినుంచో చెబుతోంది. జూలై దాటినా వాన రాకపోతే మొండిగా చెనక్కాయ విత్తనాన్ని మట్టిలో పోయకుండా కొర్ర చల్లాలి, మూడు నెలల్లో వచ్చేస్తుంది. ఆగస్టు నడుమ కూడా దాటిందంటే ఉలవలే. కాయలు పీకాక మాత్రం బాగా ఎండనివ్వాలి, చేతిలో ఊపితే గలగలమనాలి. తేమతో మూట కడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది మనుషుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బూజు కాయలు ఏరేసి మంచివి అమ్మి, ఏరేసినవి ఇంట్లో వేయించుకు తినే అలవాటు మన దగ్గర ఉంది. అది మాన్పించు, గట్టిగా చెప్పి మాన్పించు.

అమ్మకం గురించి మొదటి ఏడు ఆలోచించకు. రెండో ఏడు ఇంటికి పోను మిగిలితే అప్పుడు చూద్దాం. నేను ఒకసారి మా తమ్ముడి కొర్రలు ఇక్కడ ఒక ఆర్గానిక్ అంగడికి వేయించి, డబ్బుల కోసం ఎనిమిది నెలలు తిరిగా. అంగడి పేరు ఎందుకులే. నీకైతే నీ లైన్లోనే పాతిక ముప్పయి మంది ఉన్నారు, సగం మంది మన వైపోళ్ళే. గానుగ నూనె, రాగి పిండి వాళ్ళే రొక్కమిచ్చి కొంటారు. వంద కిలోల కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు, గానుగలో ఆడిస్తే 27, 28 కిలోల నూనె, దాని మీద ఆవుకు చెక్క. అది మండీ రేటుతో పోల్చి లెక్కేసుకో. పదిమంది రైతులు కలిసేదాకా వస్తే చెన్నేకొత్తపల్లి పోయి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళను కలవండి. 1990 నుంచీ అక్కడే ఉన్నారు. వాళ్ళతో కలిసి పనిచేసే ధరణి అనే రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, చెనక్కాయలు కొని, శుద్ధి చేసి అమ్ముతుంది.

ఇదంతా నాయనకు ఎలా చెప్పాలంటావు కదా. "నీకు తెలీదు నాయనా" అని మాత్రం మొదలుపెట్టకు. రెండు బోర్లు పోయిన మనిషి మూడోది అడుగుతున్నాడంటే ఆశ కంటే అవమానం ఎక్కువుంటుంది అందులో. కూతురి డబ్బుతో ఇల్లు గడుస్తోందన్నది ఆయనను లోపల తొలిచేస్తూ ఉంటుంది. ఉగాదికి పోయినప్పుడు రాత్రి అన్నాలయ్యాక, అవ్వ కూడా ఉన్నప్పుడు, ఒక్క మాట అడుగు: "నాయనా, నీ చిన్నప్పుడు మన పెద్ద చేన్లో ఏమేం పండేవి?" తర్వాత నువ్వేం మాట్లాడొద్దు. ఆయనొకటి చెబితే అవ్వ మూడు చెబుతుంది, ఏ గట్టు మీద ఆముదాలుండేవో, ఏ మూల నువ్వులు చల్లారో అని వాళ్ళిద్దరే పోట్లాడుకుంటారు. మర్నాడు పొద్దున చేన్లోకి పోదామని ఆయనే అంటే, అప్పుడు అంగడి అప్పు మాట ఎత్తు.

అనలేదంటే ఇంకో నెల ఆగు. బోరు బండి వాడికి అడ్వాన్స్ ఇవ్వకుండా మాత్రం చూసుకో.

విత్తనాలు నాలుగు కిలోలే కాబట్టి లగేజీ అక్కర్లేదు, బస్సులో ఒళ్ళో పెట్టుకునే పోవచ్చు. అమ్మకు మూడు నెలలు మాత్రలు వేసినాక మళ్ళీ పరీక్ష చేయించి, ఎంతొచ్చిందో నాకు రాయి.